బోదెలు చూసి

యనమదుర్రు వంతెన దిగగానే ఎడంచేతి వైపు
దావీదు టైర్ల కొట్టు.
గోడకి రొయ్యల మేత కంపెనీ క్యాలెండరు,
రెండు నెలలు వెనకబడి ఉంది.

"సారు ఎలా తోల్తారండి, మెల్లిగానా, జోరుగానా?"
తోలేది నేనే అన్నాను.
"ఆయ్" అన్నాడు.
ఇంకేమీ అనకుండా జాకీ పెట్టాడు.
ఆ ఒక్క ఆయ్‌కే కొట్టు నచ్చింది నాకు.

బండి నాదే గానీ కొత్తది కాదు.
తెల్లమచ్చ తగిలి మూడు చెరువులు ఎత్తేసిన
ఉండి ఆసామి ఒకాయన
బ్యాంకు వాళ్ళు రాకముందే అమ్మేశాడు.
తాళమిస్తూ, బానెట్ మీద చెయ్యి
సంతలో గేదెని వదిలేవాడిలా కాసేపు ఉంచాడు.
నల్ల సెడాన్. నేలకి జానెడెత్తు కూడా లేదు.
గట్ల మీద తిరిగే దానికి ఇదేం బండని
మా డీఈ గారు ఇప్పటికి నాలుగుసార్లు అడిగారు.

పాత టైరుని దావీదు బొటనవేలితో నొక్కాడు,
మెతుకు ఉడికిందో లేదో చూసినట్టు.
"లోపలంచు తినేసిందండి. పైకి కనపడదు."
మనుషులూ అంతేనండి అంటాడేమోనని భయపడ్డాను.
అనలేదు.
"అలైన్‌మెంట్ ఆరొందలవుద్ది" అన్నాడు.

రెండు రకాలు దించాడు.
ఒకటి మెత్తనిది, గోరు దిగుతుంది.
"రోడ్డుని కరుచుకుంటదండి. పాతికవేలు తిరిగాక
దేవుడి దయ."
రెండోది గట్టిది. రెట్టింపు తిరుగుతుంది,
మలుపులో మాత్రం మాట వినదు.

ఎక్కడెక్కడ తిరుగుతారన్నాడు. చెప్పాను.
ఆరు రోజులు ఆకివీడు, కాళ్ళ, మొగల్తూరు.
ముందు పోయే రొయ్యల లారీ
పెట్టెల్లోంచి కార్చిన ఉప్పునీళ్ళు
తారు మీద జిడ్డుగీత.
కోతలప్పుడు సగం రోడ్డు ధాన్యానిది,
మిగతా సగంలో కాపలా ముసలాయన మంచం.

ఏడో రోజు సంగతి చెప్పలేదు.
తెల్లారగట్ల నాలుగింటికి పెనుగొండ దాటి
సిద్ధాంతం దగ్గర వశిష్ఠ,
అరటిగెలల లారీలు లేవకముందే రావులపాలెం,
జొన్నాడ దగ్గర గౌతమి.
రెండు గోదావరుల మధ్య ఆ కాసేపు
నేను ఎవరికీ రిపోర్టు పంపను.

మెత్తదనం, గట్టిదనం కాదు, నేను గాళ్ళు చూశాను.
పదహారేళ్ళుగా డ్రైన్ల శాఖలో ఉద్యోగం.
ఈ డెల్టాలో నీళ్ళు పెట్టడం ఎవడికైనా వచ్చు,
ఆనకట్ట ఉంది, లాకులున్నాయి.
తీయడమే విద్య.
చేలోంచి బోదెకి, బోదెలోంచి డ్రైన్‌కి,
అక్కణ్ణించి ఉప్పుటేటికి, సముద్రానికి,
మధ్యలో ఎక్కడ గుర్రపుడెక్క పేరుకున్నా
వరి మునిగిపోతుంది.

మెత్తదాని గాళ్ళు ముచ్చటగా ఉన్నాయి గానీ
అంచు చేరకముందే ఆగిపోయాయి,
ఎవరో ఆక్రమించి చెరువు తవ్వినట్టు.
గట్టిదాంట్లో నాలుగూ నిలువు బోదెలే.
పక్కకి పోయే దారి లేదు.

"ఇంకోటి లేదా దావీదూ?"
అటక మీంచి మూడోది దింపి గుడ్డతో తుడిచాడు.
చూపుడువేలిని వానబొట్టు చేసి నడిపించాను.
నడిమి గాడిలోంచి ఏటవాలుగా అంచుకి,
అంచులోంచి గాల్లోకి.
ఎక్కడా ఆగలేదు.

పక్కగోడ మీద నాలుగంకెలు:
పోయినేడు ముప్పై రెండో వారం.
ఆ వారం గొంతేరు గట్టు మీద
టార్చి పట్టుకుని ఇసక బస్తాలు లెక్కపెడుతున్నాను.
ఏ ఊళ్ళోనో, ఏ అచ్చులోంచో
ఇది వేడివేడిగా ఊడిపడుతూ ఉండాలి.

ఒక్కోటి పదకొండున్నర వేలు.
బేరమాడి, ఈ నెలకి రెండే అన్నాను.
"అయితే వెనక్కి వేద్దామండి.
ముందుది జారబోతే స్టీరింగు చెప్తది.
వెనకది జారాకే తెలుస్తది."

కొత్త రబ్బరు మీద సన్నటి వెంట్రుకలు,
నారుమడిలో మూడో రోజు మొలకల్లా.
"మొదటి వంద కిలోమీటర్లు మెల్లిగా పోనివ్వండి,
కొత్తది కదా, జారుద్ది."

ఆయ్, అన్నాను.

బుధవారం.
ఏడో రోజుకి ఇంకా నాలుగు రోజులుంది.